తెల్లకోటు విడిచే ముందు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ సభలో చదువుల గురించీ, ఉద్యోగాల గురించీ ఎవరో ఒకరు నాలుగు మాటలు చెప్పడం మన సంఘానికి ఆనవాయితీ. ఏ చదువు చదివితే ఏ కొలువు వస్తుంది, ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు పెట్టుకోవాలి - ఇటువంటి సంగతులే ఇంతవరకూ చెప్పుకుంటూ వచ్చాము. ఈసారి కార్యవర్గంవారు మాకు అప్పగించిన విషయం కాస్త తిరకాసుగా వున్నది. చేతికి వచ్చిన ఉద్యోగాన్ని, అందులోనూ వైద్యరంగంలోని ఉద్యోగాన్ని వదలుకొని, చిన్ననాటి నుంచి మనసులో వున్న నటనను వెతుక్కుంటూ పోవడం సబబేనా అన్నదే ఆ విషయం.

కొందరు నవ్వుతున్నారు. నవ్వవలసిన సంగతి కాదండీ. ఈమధ్య ఒక తల్లి మమ్మల్ని ఈ ప్రశ్నే అడిగారు. ఆమె కూతురు నాలుగేళ్లుగా ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, కాస్త నడుం వాల్చి, మళ్లీ లేచి అద్దం ముందు నిలబడి తనలో తాను సంభాషణలు చెప్పుకుంటుందట. బడిలో వున్నప్పుడు యేకపాత్రాభినయంలో బహుమతి వచ్చిందట. ఇప్పుడు "రాజీనామా యిచ్చేస్తాను, హైదరాబాద్ పోతాను" అంటున్నది. "మేం ఏం చెప్పాలి, భాయీ?" అని ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఆ కన్నీటికి కారణం వున్నది. మన ఇళ్లలో ఒక పిల్ల నర్సు అయిందంటే ఒక్క పిల్ల కష్టంతో అయింది కాదు. మూడు, నాలుగేళ్ల చదువుకు ఫీజులు కట్టడానికి అమ్మ గాజులు అమ్మి వుంటుంది. అబ్బా దుకాణం మీద అప్పు తెచ్చి వుంటాడు. తమ్ముడు చదువు మధ్యలో ఆపి మెకానిక్ షెడ్డులో చేరి వుంటాడు. డాక్టరు చదువైతే మరీను. ఒక యేడాది హౌస్ సర్జన్సీతో కలిపి ఐదున్నర యేళ్లు. ఇంటిల్లిపాదీ కలిసి కట్టిన గోడ అది. అందులో నుంచి ఒకరు తప్పుకుంటామంటే గోడంతా కదులుతుంది. కాబట్టి "అది దాని యిష్టం, పోనీండి" అని తేలికగా అనడానికి లేదు. అలాగని "పిచ్చి పట్టింది, తలుపుకు గొళ్లెం పెట్టండి" అనడమూ మాకు సమ్మతం కాదు.

నటన తగునా, తగదా అని ధర్మం దృష్టితో చెప్పవలసినవారు ఆలిములు. మేము ఆ జోలికి పోము. మేము చూడదలచినది లోకవ్యవహారం. నిజంగా ఈ పని చేసినవారు లోకంలో వున్నారు. వారు ఎప్పుడు వదిలారు, ఎలా వదిలారు, వదిలే నాటికి వారి చేతిలో ఏమున్నది? ఇది చూస్తే ఆ తల్లికి చెప్పవలసిన జవాబు మనకు దొరుకుతుంది.

ముందుగా మన పొరుగునున్న మహారాష్ట్ర సంగతి. డాక్టర్ శ్రీరాం లాగూ అని గొప్ప నటుడు. 1927లో సతారాలో పుట్టారు. పూణెలోని బి.జె. మెడికల్ కాలేజీలో చదివి చెవి, ముక్కు, గొంతు వైద్యులయ్యారు. పై శిక్షణకు విదేశాలకు వెళ్లివచ్చారు. పూణెలో ప్రాక్టీసు పెట్టారు. ఆఫ్రికాలోని టాంజానియాలో కూడా కొన్నేళ్లు వైద్యం చేశారు. ఇంత చేసి, 1969లో, నలభై దాటిన వయసులో, వైద్యం వదలి పూర్తికాలపు నటుడయ్యారు.

ఇంతవరకే చెబితే మన పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ అసలు సంగతి వేరే వున్నది. ఆయన నాటకాల్లో వేషం వేయడం మొదలుపెట్టింది 1969లో కాదు. కాలేజీ రోజుల్లోనే. 1950ల ఆరంభంలోనే పూణెలో మిత్రులతో కలిసి ప్రోగ్రెసివ్ డ్రమాటిక్ అసోసియేషన్ అనే సమాజంలో పనిచేశారు. పగలు రోగులను చూసి, సాయంత్రం రిహార్సల్‌కు పోయేవారు. ఈ రెండు కాళ్ల నడక రెండు దశాబ్దాల దాకా సాగింది. తాను ఏ పాటి నటుడో ఆయనకు తెలిశాక, చూసేవారికీ తెలిశాక, అప్పుడు వదిలారు. మరుసటి యేడు, 1970లో, వి.వా. శిర్వాడ్కర్ రాసిన 'నటసమ్రాట్' నాటకంలో ముసలి నటుడి పాత్ర ఆయనకు దక్కింది. ఉన్నదంతా పిల్లలకు పంచిపెట్టి, చివరికి ఆ పిల్లల యింట్లోనే చులకనైన తండ్రి కథ అది. మరాఠీ రంగస్థలం మీద ఆ పాత్ర పేరు చెబితే ఇవాళ్టికీ ఆయన పేరే చెబుతారు. 1974లో పద్మశ్రీ వచ్చింది. 1977లో వచ్చిన 'ఘరోందా' హిందీ చిత్రానికి ఫిలింఫేర్ బహుమతి వచ్చింది. అటెన్‌బరో తీసిన 'గాంధీ' చిత్రంలో గోఖలే పాత్ర ధరించింది ఆయనే. 2019 డిసెంబరులో పూణెలో కన్నుమూశారు.

అంటే ఏమన్నమాట? ఆయన ఒక ఒడ్డు నుంచి యేట్లో దూకలేదు. అవతలి ఒడ్డున ఒక కాలు గట్టిగా ఆనిన తరువాతే ఇవతలి కాలు తీశారు.

మరాఠీవారి మాట అలా వుంచండి, మన తెలుగువారిలో లేరా అంటారేమో. వున్నారు. డాక్టర్ ప్రభాకర్ రెడ్డిగారిని మన పెద్దలందరూ ఎరుగుదురు. నల్లగొండ ప్రాంతంలోని తుంగతుర్తిలో పుట్టారు. హైదరాబాద్‌లో వైద్యం చదివారు. 1960లో 'చివరకు మిగిలేది' చిత్రంతో తెరమీదికి వచ్చారు. చమత్కారం చూడండి, మహానటి సావిత్రి నర్సు పాత్ర ధరించిన చిత్రం అది. మానసిక రోగులను చూసుకుంటూ చూసుకుంటూ చివరికి తన మనసే చెదిరిన ఒక నర్సు కథ. తరువాత ప్రభాకర్ రెడ్డిగారు వందలాది చిత్రాల్లో నటించారు, కథలు రాశారు, చిత్రాలు తీశారు. 1997లో వెళ్లిపోయారు. కానీ హైదరాబాద్ శివార్లలో, మణికొండ దగ్గర, సినీ కార్మికుల యిళ్ల కోసం ఆయన యిచ్చిన భూమి మీద లేచిన కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. డాక్టర్ ప్రభాకర్ రెడ్డి చిత్రపురి కాలనీ అంటారు. తెల్లకోటు వదిలినా నలుగురికి ఉపకారం చేసే గుణం వదలలేదని దీనివల్ల తెలుస్తున్నది.

ఆయనకు ముందే డాక్టర్ గరికపాటి రాజారావుగారు వున్నారు. వైద్యులై వుండి ప్రజానాట్యమండలిని నడిపి, ఊరూరా నాటకాలు ఆడించి, 1953లో 'పుట్టిల్లు' చిత్రం తీసి జమునను తెరకు పరిచయం చేశారు. ఆ 'పుట్టిల్లు'తోనే చిత్రరంగానికి వచ్చినవారు అల్లు రామలింగయ్యగారు. ఈయన సంగతి మన చర్చకు మరీ ముఖ్యం. ఎందుకంటే ఈయన వైద్యాన్ని వదలనే లేదు. ఒక చేత్తో కోట్లాదిమందిని నవ్విస్తూ, మరో చేత్తో హోమియోపతి మందులు యిస్తూ వచ్చారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు. రాజమండ్రిలోని ప్రభుత్వ హోమియో వైద్యకళాశాల ఈనాటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నది. వదలడం ఒక్కటే దారి కాదు, రెంటినీ పట్టుకొని నడవడమూ ఒక దారేనని ఆయన చూపించారు.

"వీరంతా మగవారు, పైగా డాక్టర్లు. మా పిల్ల నర్సు కదా" అని ఆ తల్లి అడగవచ్చు. నర్సుల్లోనూ వున్నారు. ఇంగ్లండులో జూలీ వాల్టర్స్ అనే నటి వున్నారు. మీ పిల్లలు హారీ పోటర్ చిత్రాలు చూసి వుంటే అందులో ఆ యెర్రజుట్టు పిల్లల తల్లిగా ఆమెను చూసేవుంటారు. ఆమె పద్దెనిమిదేళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో నర్సు శిక్షణలో చేరారు. యేడాదిన్నర చేసి వదిలేశారు. తల్లికి అది బొత్తిగా నచ్చలేదు. తల్లులు ఎక్కడైనా తల్లులే కదా! అయితే వదిలిన ఆ అమ్మాయి నేరుగా స్టూడియో గేటు ముందుకు పోయి నిలబడలేదు. మాంచెస్టర్ పాలిటెక్నిక్‌లో నాటకకళ చదువుకు చేరారు. తరువాత లివర్‌పూల్ రంగస్థలం మీద పనిచేశారు. 1983లో 'ఎడ్యుకేటింగ్ రీటా' చిత్రానికి ఆస్కార్ బహుమతి పోటీలో నిలిచారు. ఆసుపత్రి శిక్షణ స్థానంలో మరో శిక్షణను పెట్టుకున్నారు గాని, శిక్షణే లేకుండా పోలేదు.

ఇక అమెరికాలో కెన్ జాంగ్ అనే డాక్టరుగారు. కొరియా నుంచి వలసపోయినవారి బిడ్డ. పగలు ఆసుపత్రిలో వైద్యం, రాత్రి వేదిక మీద హాస్య ప్రదర్శన. యేళ్ల తరబడి అలా నడిచిన తరువాత 2007లో ఒక చిత్రంలో వేషం దొరికింది. అదీ డాక్టరు వేషమే! ఆ తరువాతే వైద్యం వదిలి నటనలో పడ్డారు. ఆయన భార్య కూడా డాక్టరే. ఇంట్లో ఒక జీతం నిలకడగా వున్నది, ధైర్యం చెప్పే మనిషి వున్నది. 2018లో ఫీనిక్స్ నగరంలో ప్రదర్శన యిస్తుండగా ప్రేక్షకుల్లో ఒకామెకు ఫిట్స్ వచ్చింది. ఈయన వేదిక దిగివచ్చి, అంబులెన్సు వచ్చేదాకా ఆమెను చూసుకున్నారు. చదివిన చదువు ఎక్కడికీ పోదు అనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. మేము చెప్పినవన్నీ పేరు వచ్చినవారి కథలు. పేరు రానివారి కథలు సభల్లో ఎవరూ చెప్పరు. హైదరాబాద్ కృష్ణానగర్ వీధుల్లో పొద్దున్నే నిలబడి చూడండి. ఫోటోలు చంకన పెట్టుకొని, యిరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి వుంటూ, ఇవాళ పిలుపు వస్తుందా, రేపు వస్తుందా అని చూసేవారు ఎందరో కనబడతారు. వారిలో ప్రతిభ లేనివారు కొందరైతే, ప్రతిభ వుండీ రోజు రానివారు మరికొందరు. కాబట్టి లాగూగారు గెలిచారు గనుక మన పిల్లా గెలుస్తుందని లెక్క కట్టకూడదు. ఆయన గెలుపును కాదు, ఆయన నడిచిన పద్ధతిని చూడాలి. గెలుపు మన చేతిలో లేదు. పద్ధతి మన చేతిలో వున్నది.

ఆ పద్ధతి ఏమిటి? వదలదలచినవారికి ముందు చెబుతాము.

మొదటిది, పని మొదలుపెట్టి ఆ తరువాత వదలండి. వదిలిన తరువాత మొదలుపెడతామనకండి. ఢిల్లీలో 1959లో స్థాపించిన జాతీయ నాటక పాఠశాల వున్నది. అందులో చేరాలంటే డిగ్రీ ఒక్కటి చాలదు, కనీసం ఆరు నాటకాల్లో పనిచేసి వుండాలన్నది నియమం. అంత గొప్ప సంస్థే "నీకు ఇష్టమా?" అని అడగడం లేదు, "ఎన్ని నాటకాలు చేశావు?" అని అడుగుతున్నది. మన తెలుగునాట నాటక పరిషత్తులకు కొదవ లేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిననాటి నుంచీ ఉద్యోగాలు చేసుకుంటూ నాటకాలాడినవారే మన రంగస్థలాన్ని నిలబెట్టారు. బడిపంతుళ్లు, బ్యాంకు గుమాస్తాలు, రైల్వేవారు, కాంపౌండర్లు - అందరూ వున్నారు అందులో. ఆ దారి ఇప్పటికీ మూసివుండలేదు.

రెండవది, ఎత్తుకున్న బరువును దించవలసిన చోట దించి వెళ్లండి. వైద్యం దుకాణం వంటిది కాదు, తాళం వేసి పోవడానికి. మీ చేతిమీద వైద్యం జరుగుతున్న రోగులను మరొక వైద్యునికి వివరంగా అప్పగించాలి. నర్సు అయితే నోటీసు యిచ్చి, తన వార్డు సంగతులన్నీ వచ్చేవారికి చెప్పి దిగాలి. ప్రభుత్వ కాలేజీలో ప్రజల సొమ్ముతో చదివినవారు, ఇన్నేళ్లు సేవ చేస్తామని బాండు రాసి వుంటే, అది పూర్తిచేయాలి. చదువుకు చేసిన అప్పు తీర్చాలి. తమ్ముడిని చదువు మాన్పించి మీరు చదివివుంటే, ఆ బాకీ కూడా బాకీయే. అది కాగితం మీద వుండదు, అంతే తేడా.

మూడవది, తిరిగివచ్చే తలుపును మూయకండి. కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ గడువు తీరకుండా చూసుకోండి. యేడాదికో, రెండేళ్లకో ఒక హద్దు పెట్టుకోండి. ఆ లోపు ఇల్లు గడవడానికి డబ్బు దాచుకోండి. నర్సుకూ, ఫార్మసిస్టుకూ, ల్యాబ్ టెక్నీషియనుకూ ఉన్న సౌకర్యం చాలా ఉద్యోగాల్లో లేదు. ఏ ఊళ్లోనైనా కొన్నాళ్లు డ్యూటీ చేసి కడుపు నింపుకోవచ్చు. ఈ విద్యను బరువనుకోకండి. అన్నం పెట్టే తల్లి అనుకోండి.

నాలుగవది, ముఖ్యంగా ఆడపిల్లలు వినాలి. వేషం యిప్పిస్తాం, ఫోటోలు తీయిస్తాం, పెద్దవారికి పరిచయం చేస్తాం అని ముందుగా డబ్బు అడిగేవాడిని గుమ్మం ఎక్కనివ్వకండి. పని యిచ్చేవాడు డబ్బు యిస్తాడు గాని, అడగడు. ఒంటరిగా రమ్మనేవాడి దగ్గర పనే వుండదు.

ఇంతవరకూ పిల్లలకు చెప్పాము. ఇప్పుడు పెద్దలకు. కోపం తెచ్చుకోకుండా వినాలి.

పిల్లలు నటన మాట ఎత్తగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "నువ్వు పెద్ద స్టారువి అయిపోతావా?" అని. ఈ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా వుండదు. లాగూగారి దగ్గరా వుండి వుండదు. అడగవలసినది వేరే. "ఈ యేడు ఎన్ని వేషాలు వేశావు? నీ నటన చూసి తెలిసినవారు ఏమన్నారు? పిలుపు రాని రోజున ఏం చేస్తావు?" అని అడగండి. నిజంగా మనసున్న పిల్ల జవాబు చెబుతుంది. ఊరికే విసుగుతో ఉద్యోగం మానదలచిన పిల్ల తడుముకుంటుంది. నైట్ డ్యూటీలు, తక్కువ జీతం, పైవారి కసుర్లు - వీటితో విసిగిపోయి కూడా కొందరు కలల వైపు పరుగెడతారు. ఆ విసుగుకు మందు నటన కాదు, మంచి ఆసుపత్రికి మారడం. ఏది విసుగో, ఏది అసలైన ఆశో తేల్చుకోవడానికి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. అరుచుకుంటే తేలదు.

మరొక సంగతి. ఆదివారం పూట రిహార్సల్‌కు పోతానంటే మనం వద్దంటాము. "నలుగురూ ఏమనుకుంటారు?" అంటాము. చివరికి ఆ పిల్లకు రెండే దారులు మిగులుతాయి. కలను చంపుకోవడం, లేదా ఉద్యోగం, ఇల్లూ అన్నీ ఒక్కసారిగా వదిలి పారిపోవడం. నెమ్మదిగా నడిచే మధ్యదారిని మూసింది మనమే, దూకిందని నిందించేదీ మనమే. లాగూగారికి సాయంత్రపు రిహార్సల్ అనేది లేకపోతే, తాను నిలబడగలనో లేదో ఆయనకు ఎలా తెలిసేది? ఉద్యోగంలో వుండగానే పిల్లలకు ఆ చిన్న వేదిక దొరకనిస్తే, నూటికి ఎందరో తమ హద్దు తామే తెలుసుకుంటారు. కొందరు ఆదివారాలతోనే తృప్తిపడి, సోమవారం నవ్వుతూ డ్యూటీకి పోతారు. ఏ ఒకరిద్దరికో నిజంగా ఆ పని రాసిపెట్టి వుంటే, వారు సిద్ధపడి వెళతారు, పారిపోయి వెళ్లరు.

ఆ తల్లికి కూడా మేము ఇదే చెప్పాము. "రాజీనామా కాగితం ఇవాళ వద్దనండి. కానీ రిహార్సల్ ఇవాళే మొదలుపెట్టమనండి. యేడాది తరువాత మళ్లీ కూర్చుని మాట్లాడండి" అన్నాము. 

చివరగా మన సంఘం చేయగల పని ఒకటి మనవి చేసి ముగిస్తాము. ఆరోగ్య శిబిరాలు పెట్టినప్పుడు మనం కరపత్రాలు పంచుతాము. చదివేవారు చదువుతారు, మిగతావారు అందులో మిరపకాయ బజ్జీలు చుట్టుకుంటారు. దానికి బదులు అరగంట నాటిక వేయిద్దాము. క్షయరోగానికి మందు వాడుతూ, దగ్గు తగ్గింది కదా అని మధ్యలో ఆపేసి మళ్లీ మంచమెక్కిన మనిషి కథను, ఆరు నెలల కోర్సు పూర్తిచేసి లేచి తిరుగుతున్న అతని పొరుగువాని కథను, ఒక నర్సు పిల్లే రాసి, తానే నటించి చూపిస్తే, అది వందమంది మనసులో నాటుకుంటుంది. ఇందుకు కావలసినది ఒక షామియానా, ఒక మైకు సెట్టు, నాలుగు ఆదివారాలు. మన పిల్లల్లో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ఫార్మసిస్టులున్నారు. వారిలో నటులు ఎవరో ఇంకా మనకు తెలియదు. కార్యవర్గంవారు దీనికి ఒక తేదీ వేయవలసిందిగా ఈ వేదిక మీద నుంచే కోరుతున్నాము. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిసిన తరువాత కార్యదర్శిగారి దగ్గర రాయించుకోండి. వెంట పెద్దవారిని కూడా తీసుకొని రండి.